నాయన తెచ్చిన బావితాడు

చెన్నై విమానాశ్రయంలో నాయన చేతిసంచి తెరిపించారు. లోపల పంచె, తువ్వాలు, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి డబ్బా, వాటి కింద చుట్ట చుట్టిన పది బారల తాడు. తనిఖీ చేస్తున్నాయన ఆ తాడును రెండు వేళ్లతో పైకెత్తి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

"బావితాడు సార్," అన్నాడు నాయన తెలుగులో. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయిందన్నట్టు సంచి మూసుకోబోయాడు.

వెనక వరసలో ఉన్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నాయనకు ఎడమ చెవి వినపడదు. అందుకని కుడివైపుకు తిరిగి మరీ అరిచాను.

"సముద్రం కాడికి తాడెందుకు నాయనా? వాళ్ల దగ్గర అన్నీ ఉంటాయని చెప్పినానా లేదా?"

"ఉంటాయిలే పాపా. వాళ్ల తాడు వాళ్లది, మన తాడు మనది."

చివరికి ఆ సంచిని కూడా లగేజీలో వేయించి రమ్మన్నారు. పరుగెత్తి వెళ్లి వేయించి వచ్చాను. విమానం ఎక్కి కూర్చున్నాక కూడా నా కోపం దిగలేదు. ఆయన మాత్రం కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ ఒకటే మురిసిపోయాడు.

అండమాన్ ప్రయాణం పూర్తిగా నా పిచ్చి. నేను ఉదయగిరిలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. కాపురం ఆత్మకూరులో. రోజూ పోనూ రానూ బస్సు. ప్రతి ఏడూ పాఠంలో పగడపు దిబ్బలు వస్తాయి. సముద్రం అడుగున ఎన్ని రంగుల్లో ఎన్ని ప్రాణులు ఎలా కాపురం ఉంటాయో బోర్డు మీద బొమ్మ వేసి ఊగిపోతూ చెప్తాను. ఒక ఏడు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మేడం, మీరు చూసినారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి అంత బాగా ఎట్ట చెప్తా ఉండారు?" అంది. ఆ పిల్ల పొగిడిందో తిట్టిందో నాకిప్పటికీ తెలియదు గానీ, ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టనివ్వని కోరిక అదొక్కటే అయింది.

వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి అడుగుకు దిగడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. దానికి రెండు పద్ధతులున్నాయని ఫోన్లో వారాల తరబడి చదివి తెలుసుకున్నాను. ఒకటి, ఒడ్డున గది తీసుకుని, పొద్దున చిన్న పడవలో పోయి, రెండు మునకలు వేసి సాయంత్రానికి ఒడ్డుకు రావడం. రెండోది లివ్‌అబోర్డ్. అంటే పెద్ద పడవలోనే తిండీ పడకా పెట్టుకుని, ఐదారు రోజులు ఒడ్డు ముఖం చూడకుండా, నీళ్లు ఎక్కడ బాగుంటే అక్కడ లంగరు వేసుకుంటూ పోవడం. మొదటిదైన రోజు పడవలో సగం పొద్దు రాకపోకలకే సరిపోతుంది. పైగా అందరూ దిగే చోటే మనమూ దిగాలి. ఐదు రోజుల పడవైతే, పొద్దు పొడిచేసరికి మనమున్నది దిబ్బ నెత్తినే. కడుపులో తిప్పినా, పక్కవాడి గురక భరించలేకపోయినా వెనక్కి రావడం మాత్రం కుదరదు. నాకు ఐదు రోజుల పడవే కావాలి. ముందు రెండు రోజులు ఒడ్డున ఈ విద్య నేర్పించి, ఆ తరవాత పడవ ఎక్కించేట్టు మాట్లాడుకున్నాను.

మా ఆయనకు నీళ్లంటే బకెట్‌లో ఉన్నంతవరకే ఇష్టం. రానని చేతులు జోడించాడు. ఒంటరిగా పోతానంటే అమ్మ ఒప్పుకోలేదు. అనంతసాగరం దగ్గర మా ఊళ్లో వరండాలో కూర్చుని ఈ గొడవంతా జరుగుతుంటే, నాయన రెండు రకాల పడవల గురించీ నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుని, ఉన్నట్టుండి తల ఊపాడు.

"ఇందులో అర్థం కాకపోయేదానికి ఏముండాది? ఒకటి సాయంత్రానికి దొడ్డికి తోలుకొచ్చే మంద. ఇంకోటి ఎండాకాలం వలసపోయే మంద. పచ్చిక యాడుంటే ఆడే పడక. అంతే గదా?"

అంతే. నేను వారాల తరబడి చదివింది ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశాడు. మాది గొర్రెలు కాచే కుటుంబం. ఆయన రెండేళ్ల కిందటే మందను అమ్మేశాడు, మోకాళ్లు మొరాయించి. అంతకు ముందు ప్రతి ఎండాకాలం మందతో డెల్టా వైపు పోయి, కోసిన వరిమళ్లలో పడుకుని, వానలు పడ్డాక ఇంటికి వచ్చేవాడు.

"నేను పోతాను పాపకు తోడు," అన్నాడు నాయన. "నేనూ దిగుతాను."

అమ్మ నవ్వింది. "అరవై ఆరేండ్లకు సముద్రంలో దిగుతాడంట."

నాయన నవ్వలేదు. ఆయన చెప్పిన మాట ఈ ప్రయాణం మొత్తానికీ మూలం కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నలభై ఏండ్లు బావుల్లో దిగినానుమే. ఒక్కసారన్నా అడుగు చూసినానా? అంతా చేత్తో తడుముకున్నదే. నీళ్ల అడుగు ఎట్టుంటాదో ఒక్కసారి కండ్లతో చూసి వస్తాను."

మా నాయనకు మందతో పాటు ఇంకో పని ఉండేది. చుట్టుపక్కల ఎవరి బావిలో ఏం పడ్డా ఆయన్ని పిలిచేవాళ్లు. బిందె, బొక్కెన, మోటారు ఫుట్‌వాల్వు, ఒకసారి కలువాయి దగ్గర ఎవరిదో సైకిలు. ఇనప కొక్కేలకు అందనిది ఆయన చేతికి అందేది. నడుముకు తాడు కట్టుకుని, గుండెల నిండా దమ్ము పట్టి దిగేవాడు. మా బావుల్లో రెండు నిలువులు దాటితే చీకటి. అడుగున కాలు పెట్టగానే బురద లేచి ఉన్న ఆ కాస్త వెలుతురూ పోతుంది. పైన తాడు పట్టుకున్నవాళ్లకు ఆయన కబురు తాడు మీదే వచ్చేది. ఒకసారి గుంజితే ఇంకాస్త వదలమని. రెండుసార్లు గుంజితే పైకి లాగమని. మూడుసార్లు గుంజితే దొరికిందని. మూడోది వచ్చినప్పుడు బావి చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేసేవాళ్లు. ఇప్పుడు అందరివీ బోర్లే. బావుల్లో కంప మొలిచింది. ఆయన్ని పిలిచేవాళ్లు లేరు.

ద్వీపంలో దిగిన రోజే డైవింగ్ వాళ్ల దగ్గరకు వెళ్లాం. మాకు నేర్పబోయే అమ్మాయి తమిళమ్మాయి, పాతికేళ్లుంటాయి. తెలుగు కొద్దికొద్దిగా అర్థమవుతుంది. ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. గుండె జబ్బుందా, ఉబ్బసం ఉందా అని ఆరోగ్యం గురించి నలభై ప్రశ్నలు. నాయనది కూడా నేనే నింపుతున్నాను. చెవి ఎప్పుడైనా దెబ్బతిన్నదా అన్న ప్రశ్న దగ్గర ఆగాను. నాయన నా భుజం మీదుగా తొంగిచూసి విషయం కనిపెట్టేశాడు.

"లేదని రాయి."

"ఒక చెవి అసలు వినపడదు గదా నాయనా, లేదని ఎట్ట రాసేది?"

"రెండోది పని చేస్తా ఉండాది గదా. రాయి."

నేను టీచర్ని. దొంగ జవాబు రాయడం నా వల్ల కాలేదు. ఉందని టిక్కు పెట్టాను. నాయన ముఖం అటు తిప్పేసుకున్నాడు. ఆ అమ్మాయి కాగితం చూసి, డాక్టరు సరేనంటేనే దింపుతామని, అక్కడి ఆసుపత్రికి దారి చెప్పింది.

డాక్టరు ఉత్తరాది మనిషి, పెద్దాయన, తొందరపడే రకం కాదు. చెవిలో లైటు వేసి చాలాసేపు చూశాడు. లోపలి పొర ఎప్పుడో చినిగిందనీ, దానంతట అది మానిందనీ, మచ్చ మిగిలిందనీ నాతో ఇంగ్లీషులో చెప్పాడు. ఇది ఎప్పటి సంగతో కనుక్కోమన్నాడు.

నాయనకు చెవి పోయింది జలుబు చేసి. మా ఇంట్లో అందరికీ తెలిసింది అదే. అయినా డాక్టరు అడిగాడు కాబట్టి అడిగాను. "చెవి ఎప్పటి నుంచి నాయనా?"

నాయన సంవత్సరాలను అంకెల్లో చెప్పడు. మందకు గాలికుంటు రోగం వచ్చిన ఏడు, సోమశిల నీళ్లు మా కాలవకు వచ్చిన ఏడు, అలా చెప్తాడు. ఆ అలవాటే ఆయన్ని పట్టిచ్చింది.

"అదే, నీ కాలిపట్టీ బావిలో పడిన ఏడు," అన్నాడు. అని, నా ముఖం చూసి, చప్పున నోరు మూసుకున్నాడు.

డాక్టరు నా వైపు చూస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు. ఆ మాట నేనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట అన్నాను. ఎలా జరిగిందన్నాడు. బావిలో దిగినప్పుడు అన్నాను. ఎందుకు దిగాడన్నాడు. నా కాలిపట్టీ కోసం అన్నాను.

అప్పుడు నేను ఐదో తరగతి. అమ్మ వాళ్ల పుట్టింటి వెండిపట్టీలు, నా కాళ్లకు వదులు. పెట్టుకోవద్దని అమ్మ చెప్తే వినకుండా పెట్టుకుని, పక్క చేలోని మోటబావి మెట్టు మీద కూర్చుని కాళ్లు ఊపాను. ఒకటి జారి పోయింది. నా ఏడుపు విని నాయన మందను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. తాడు ఒక కొస మోట రాతికి కట్టి, మధ్యలో నా చేతికిచ్చి, దిగాడు. ఎన్నిసార్లు దిగాడో నేను లెక్క పెట్టుకున్నాను. పదకొండు. ప్రతిసారీ మూడు గుంజుల కోసం చూశాను. ప్రతిసారీ రెండే వచ్చాయి. పదకొండోసారి పైకొచ్చి ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని గట్టు మీద పడుకుండిపోయాడు. "పోతే పోయిందిలే, ఏడవబాక," అన్నాడు. ఆ తరవాత చాలా రోజులు చెవిలో దూది పెట్టుకుని తిరిగాడు. జలుబు అన్నాడు. మేం నమ్మాం.

నమ్మి ఊరుకుంటే బాగుండు. ముప్పై ఏళ్లుగా ఆ చెవి మీద ఎన్ని జోకులు వేశానో, రెండోసారి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఎంత విసుక్కున్నానో నాకు తెలుసు. చెన్నై విమానాశ్రయంలో అంతమంది ముందు అరిచింది కూడా నేనే.

డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. లోతుకు దింపకూడదు. నీటి పైన తేలితే ఫరవాలేదు.

బయటికొచ్చాక నేనేదో అనబోయాను. నాయన అననివ్వలేదు. "నువ్వు టిక్కు పెట్టకుండా ఉంటే ఈ గోలంతా ఉండేది కాదు," అన్నాడు. కోపంగా ఉన్నాడు, చెవి గురించి కాదు, అడుగు చూడలేకపోతున్నందుకు. కాసేపటికి ఆయనే తగ్గాడు. "సరేలే. నువ్వు పడవెక్కి పో. నువ్వు చూసొచ్చి చెప్పు. నేను ఆ పడవ మీదనే కూచుంటా."

మరునాడు పొద్దున నా మొదటి పాఠం. ఛాతీలోతు నీళ్లలో సిలిండరు కట్టి, మోకాళ్ల మీద కూర్చోబెట్టింది ఆ తమిళమ్మాయి. తల మునగగానే నేను నాయన నేర్పినట్టు చేశాను. గుండెల నిండా దమ్ము పట్టి బిగించాను. ఆమె చేత్తో సైగలు చేస్తోంది, ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో అని. నోట్లో గొట్టం ఉంది, వీపున గాలి ఉంది, నేను మాత్రం బావిలో పిల్లలా బిగబట్టుకుని కూర్చున్నాను. పైకి లేపి, ఈ విద్యలో మొదటి సూత్రమే ఊపిరి బిగబట్టకపోవడమని, లోతు నుంచి అలా పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయని గట్టిగా చెప్పింది. ఇలా బిగబట్టడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. గట్టు మీద కూర్చున్న నాయన్ని చూపించాను.

తరవాత కాస్త లోతుకు తీసుకెళ్లింది. రెండు నిలువుల లోతు కూడా లేదు, చెవుల్లో మేకు దిగినట్టు నొప్పి. ముక్కు మూసి లోపలి నుంచి గాలి ఊదమని ముందే నేర్పింది. ఊదాను. టక్కుమని చెవులు వదులయ్యాయి, నొప్పి పోయింది. అంత చిన్న కిటుకు. నాయనకు దాన్ని ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ మేకును పదకొండుసార్లు లోపలికి దిగనిచ్చుకున్నాడు, పదేళ్ల పిల్ల ఏడుపు ఆపడానికి. నీళ్లలో ఏడిస్తే కన్నీరు కళ్లద్దాల లోపలినుంచి ఎక్కడికీ పోదని ఆ పొద్దున తెలుసుకున్నాను.

పైకొచ్చి నేను అడిగిన మొదటి ప్రశ్న, ఐదు రోజుల పడవ ఆగే చోట్ల లోతెంత అని. అవన్నీ లోతు దిబ్బలు, పైనుంచి చూస్తే నీలం తప్ప ఏమీ కనపడదు అంది. మరి పైన తేలేవాళ్లకు అడుగు ఎక్కడ కనపడుతుందన్నాను. రోజు పడవలు పోయే చోట్ల కనపడుతుంది, అక్కడ దిబ్బ రెండు నిలువుల్లోనే ఉంటుంది అంది. డైవింగ్ బాగా తెలిసినవాళ్లకు ఆ చోట్లంటే చిన్నచూపు. నాకూ నిన్నటిదాకా చిన్నచూపే.

పెద్ద పడవలో నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను.

నాయన ఆ సంగతి విని ఎగిరిపడ్డాడు. "నాకోసం నీ ముచ్చట చెడగొట్టుకుంటావా? ఇంత దూరం వచ్చి? బుద్ధి ఉండాదా నీకు?"

"లేదు నాయనా. నీ పోలికే."

మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ నీ మేలు మరిచిపోనని చెప్పుకోరు. చెప్పినా వినేవాళ్లు సిగ్గుతో లేచిపోతారు. నాకు ఆ క్షణంలో ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. బదులుగా, "ఆ తాడు తెచ్చుకో," అన్నాను.

మూడో రోజు పొద్దున రోజు పడవ ఎక్కాం. పది మందిమి, గంట ప్రయాణం. పడవ ఒక చిన్న దీవి పక్కన ఇసుక మీద లంగరు వేసింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. తమిళమ్మాయి నాయనకు తేలే జాకెట్టు తొడిగి, కళ్లద్దాలు బిగించి, నోట్లో గొట్టం పెట్టింది. నాయన తాడు తీసి తన పాత ముడి తానే వేసుకున్నాడు, నడుముకు. కొస నా చేతికిచ్చాడు. జాకెట్టు ఉండగా తాడు అవసరం లేదని ఆ అమ్మాయి నాకు నచ్చజెప్పబోయింది. "ఉండనీ అమ్మా," అన్నాను, అచ్చం నాయన గొంతుతో.

"కిందికి దిగనని నాకు మాటివ్వు నాయనా."

"దిగనులేమే."

"అమ్మ మీద ఒట్టు?"

"మీ అమ్మ మీద ఒట్టు. వదులు నన్ను."

నిచ్చెన పట్టుకుని దిగాడు. బోర్లా పడుకుని ముఖం నీళ్లలో పెట్టాడు. నిమిషం గడిచింది. ఇంకాస్త గడిచింది. తల పైకెత్తి, నోట్లోని గొట్టం పీకేసి, గుండెల నిండా గాలి పీల్చి, మళ్లీ గొట్టం పెట్టుకుని ముఖం ముంచాడు. ఆ అమ్మాయి తల పట్టుకుంది. "ఈయన కూడా బిగబడుతున్నాడు!"

నేను పడవ అంచుకు వంగి, కుడి చెవికి తగిలేలా అరిచాను. ఈసారి అరుపులో కోపం లేదు. "నాయనా! గొట్టం బయటికి ఉండాది. లోపలే గాలి పీల్చు!"

"నీళ్లలో గాలి పీల్చేదేందిమే? చెడ్డ అలవాటు," అన్నాడు. పడవలో ఉన్నవాళ్లకు భాష తెలియకపోయినా నవ్వారు. ఆ అమ్మాయి నీళ్లలోకి దిగి, ఆయన చెయ్యి పట్టుకుని, తన ఊపిరి చప్పుడు వినిపిస్తూ నేర్పింది. నాలుగోసారికో ఐదోసారికో గొట్టం కొసన బుస్సుమని గాలి వచ్చింది. మళ్లీ వచ్చింది. ఇక తల ఎత్తలేదు.

తాడు ఒకసారి గుంజింది. వదిలాను. మళ్లీ ఒకసారి. ఇంకాస్త వదిలాను. తెల్లటి ఇసుక దాటి ముదురు రంగు మొదలయ్యే చోటికి ఆయన మెల్లగా జరిగిపోయాడు. అక్కడ దిబ్బ ఉంది. నేను బోర్డు మీద ఏళ్లుగా బొమ్మ వేస్తున్నది అదే. పడవ అంచున కూర్చున్న నాకు నీటి మీద తళతళ తప్ప ఏమీ కనపడలేదు. నా చూపంతా తాడు మీదే ఉంది. సముద్రం మధ్యలో కూర్చుని నేను మళ్లీ ఐదో తరగతి పిల్లనయ్యాను. రెండుసార్లు గుంజుతాడేమో, పైకి లాగమంటాడేమో, ఏమీ కనపడలేదేమో అని తాడును రెండు చేతులతో పట్టుకున్నాను.

తాడు కదిలింది. ఒకటి. రెండు. నేను లాగబోయాను.

మూడు.

ముప్పై ఏళ్ల కిందట పదకొండుసార్లు రానిది, ఆ వేళ నా అరచేతిలోకి వచ్చింది. నాయన తల పైకెత్తాడు. అద్దాల వెనక ఆయన కళ్లు ఎలా ఉన్నాయో అంత దూరానికి తెలియలేదు. గొట్టం తీసి, పడవలో అందరికీ వినపడేట్టు కేక వేశాడు.

"పాపా! అడుగు దొరికింది!"

ఈల వేయడానికి బావి చుట్టూ ఉండే మనుషులెవరూ అక్కడ లేరు. నాకు ఈల రాదు. అయినా రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు. నాయన అప్పటికే ముఖం మళ్లీ నీళ్లలో పెట్టేశాడు. నేను తాడు ఇంకో రెండు బారలు వదిలి, కొసను చేతికి చుట్టుకుని కూర్చున్నాను.